మా డ్రమ్మర్ చెయ్యి బరువెక్కలేదు

మా బ్యాండ్ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవరైనా పోల్చుకుంటారన్న భయం వల్ల కాదు, ఎవరూ పోల్చుకోరన్న భయం వల్ల. భిలాయిలో యాభై దాటిన ముగ్గురు తెలుగువాళ్ళు కలిసి ఒక రాక్ ఆల్బమ్ చేశారన్న సంగతి, దాని విడుదల రోజు ఆంధ్ర సంఘం హాల్లో కూర్చున్నవాళ్ళకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. తెలిసిన ఆ కొద్దిమందికీ ఒక విషయం తప్పుగా తెలుసు. ఆ తప్పు వాళ్ళకు చెప్పింది నేనే. మైకులో చెప్పాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను గిటారు వాయిస్తాను. ఉద్యోగం ఇక్కడి ఉక్కు ప్లాంటుకు విడిభాగాలు చేసి పంపే ఒక చిన్న ఫోర్జింగ్ షాపులో. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మల్ని పెద్ద హ్యామర్ కింద పెట్టి కొట్టించడం నా పని. పాడేదీ, బేస్ గిటారు వాయించేదీ ఒక్కడే, మిగతా ఇద్దరికంటే నాలుగైదేళ్ళు చిన్నవాడు. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్లోనే పుట్టి పెరిగాడు. తెలుగు మాట్లాడతాడు కాని చదవలేడు కాబట్టి తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుని పాడతాడు. నన్ను భయ్యా అంటాడు. ఇక డ్రమ్మర్ ఊరి పక్కనున్న చరోదా రైల్వే యార్డులో పనిచేస్తాడు. వాళ్ళది క్రైస్తవ కుటుంబం, మాది కాదు. అయినా కాలేజీ రోజుల్లో ఎప్పుడో ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం మొదలుపెట్టి, మళ్ళీ మార్చుకోలేదు.

అప్పట్లో దుర్గాపూజ పందిళ్ళలో సినిమా పాటలు వాయించేవాళ్ళం. తర్వాత పెళ్ళిళ్ళు, డ్యూటీలు, పిల్లల ఫీజులు. బ్యాండ్ దానంతటదే ఆగిపోయింది. పిల్లలు ఉద్యోగాల్లో పడ్డాక, ఒక పెళ్ళి భోజనంలో పక్కపక్కన కూర్చున్నప్పుడు, సొంత పాటలతో ఒక ఆల్బమ్ చేద్దామన్నాను నేను. మిగతా ఇద్దరూ గులాబ్ జామూన్ తింటూ సరే అన్నారు. నోరు ఖాళీగా ఉండుంటే ఏమనేవాళ్ళో తెలియదు.

స్టూడియో అంటే నెహ్రూ నగర్లో మా ఇంటి వెనక గది. అంతకుముందు అందులో పాత కూలరూ, ఎవరూ నడపని స్కూటరూ ఉండేవి. రోడ్డు మీద లారీల హారన్లు లోపలికి రాకుండా, తెలిసిన టెంట్ హౌస్ ఆయన్ని అడిగి పెళ్ళివారికి కప్పుకోవడానికిచ్చే దూది రజాయిలు తెచ్చి నాలుగు గోడలకూ వేలాడదీశాం. ఒక్కోదాని మీద ఒక్కో పెళ్ళి తాలూకు కూర మరక. పెళ్ళిళ్ళ సీజన్ రాగానే ఆయన మనిషి వచ్చి రజాయిలు పట్టుకుపోయేవాడు, మా రికార్డింగు ఆగిపోయేది. పెద్ద పెద్ద బ్యాండ్లు గొడవలొచ్చి ఆగుతాయట. మాది ముహూర్తాల వల్ల ఆగేది.

అదీగాక ముగ్గురికీ ఒకేసారి ఖాళీ అంటూ ఉండేది కాదు. నాకు ఫస్ట్ షిఫ్ట్ అయితే డ్రమ్మర్‌కు నైట్. వాడికి రెస్ట్ దొరికిన రోజు పాడేవాడికి డ్యూటీ. అందుకని ఎవరికి వీలైనప్పుడు వాళ్ళొచ్చి, చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని, తమ వంతు వాయించి వెళ్ళిపోయేవారు. ఆల్బమ్ మొత్తంలో మేం ముగ్గురం కలిసి వాయించిన క్షణం ఒక్కటీ లేదు.

"ఇది బ్యాండ్ కాదు భయ్యా, డ్యూటీ చార్టు" అనేవాడు పాడేవాడు.

ఇలా విడివిడిగా వచ్చినవాటిని కలిపి, ఏది ఎంత వినబడాలో ఎవరో ఒకరు తేల్చాలి. దాన్నే మిక్సింగ్ అంటారు. ఆ పని నేనే తీసుకున్నాను. ఎందుకంటే ముగ్గురిలో మంచి చెవులు నావే అని నా నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం కూడా ఉంది: ఏటేటా మా షాపుకు వచ్చే వినికిడి పరీక్షలో నేను పాసవుతూ వచ్చాను.

ఆ పరీక్ష గురించి కొంచెం చెప్పాలి. ఒక వ్యాన్ వస్తుంది. అందులో ఒక అద్దాల పెట్టె ఉంటుంది. మనల్ని అందులో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, చేతికొక బటన్ ఇస్తారు. సన్నని శబ్దం వినబడినప్పుడల్లా నొక్కాలి. ఫెయిలైనవాడిని హ్యామర్ దగ్గర్నుంచి తీసేసి స్టోర్సులోకి పంపుతారు. స్టోర్సులో పనంటే మాలో చిన్నతనం. బోల్టులకు కాపలా అని వెక్కిరిస్తారు. అందుకని ఆ పరీక్ష పాసవడమెలాగో పాతవాళ్ళు కొత్తవాళ్ళకు నేర్పుతారు. అద్దం అవతల ఎదురుగా కూర్చుని శబ్దాలు పంపే ఆయన భుజం వైపు చూడు, ఆయన మీట నొక్కినప్పుడల్లా భుజం కదులుతుంది. అంతే. నేను ఇంకో మెట్టు పైకి వెళ్ళాను. ఆయన ఒక లయలో నొక్కుతాడని కనిపెట్టి, ఆ లయ పట్టుకుని, భుజం కూడా చూడకుండా సరిగ్గా వేళకు నొక్కేవాణ్ణి. సంగీతం తెలిసినవాణ్ణి కదా. హ్యామర్ మోత తగలకుండా చెవుల్లో పెట్టుకోమని షాపులో ఇచ్చిన, దారం కట్టిన ఇయర్ ప్లగ్స్‌ను మాత్రం తాళంచెవులకు గొలుసుగా వాడుకున్నాను.

దొంగతనంగా పాసైనవాడికి తాను దొంగతనంగా పాసైనట్టు గుర్తుండాలి. నాకు గుర్తులేదు. కొన్నేళ్ళకు నిజంగానే పాసయ్యాననుకున్నాను. యార్డులో వ్యాగన్లు ఢీకొనే చప్పుడుకు చెవుల్లో దూది పెట్టుకునే మా డ్రమ్మర్‌ను చూసి, చెవులంటే ఇలా ఉండాలని నావి చూపించి నవ్వేవాణ్ణి.

మిక్సింగ్ మొదలుపెట్టాను. గిటారు బాగా వినబడింది, సహజంగానే. బేస్ బాగుంది. డ్రమ్స్‌లో కింది మోతలన్నీ బాగున్నాయి. పైన వేలాడే ఇత్తడి పళ్ళేలున్నాయే, సింబల్స్, అవి మాత్రం రజాయి మీద కొట్టినట్టు ముద్దగా ఉన్నాయి. కొంచెం పెంచాను. చాల్లేదు. ఇంకొంచెం పెంచాను. ఇంకా పెంచాను.

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏటండీ అది? రేకులు కోయిస్తన్నారా?"

"రాక్ సంగీతం" అన్నాను.

"అలాగైతే తలుపేసుకోండి. పాలు విరిగిపోతాయి."

పాడేవాడొచ్చి విన్నాడు. మొహం చిట్లించి, "భయ్యా, థోడా తీఖా లగ్ రహా హై" అన్నాడు. కారంగా ఉందని అర్థం. నీ హెడ్‌ఫోన్ చవకదన్నాను. కారులో పెట్టుకుని విని, ఇంటికి చేరేసరికి తలనొప్పి వచ్చిందన్నాడు. నీ కారు పాతదన్నాను. అందరికీ చెవులు గుచ్చుకుంటున్నాయి, నాకేమో ఇంకా ముద్దగానే ఉంది. ఇందులోంచి ఎవరైనా ఒక్క సంగతే ఊహించాలి. నేను ఊహించింది, భిలాయిలో ఎవరికీ చెవుల్లేవని.

అప్పుడు డ్రమ్మర్ వచ్చాడు. డ్యూటీ దిగి, యూనిఫాంలోనే వచ్చి, స్టూలు మీద కూర్చుని మొదటి పాట విన్నాడు. సగంలోనే చెయ్యి చెవి దగ్గరికి పోయింది. పాట అయ్యాక, నెమ్మదిగా, తనని తనే అడిగినట్టు అన్నాడు:

"నాను మరీ గట్టిగా కొట్టీసినానేటి బావా?"

ఆ ప్రశ్న వాడు వేయకపోతే నాకు తట్టేది కాదేమో. సాకు వాడే అందించాడు, నేను పుచ్చుకున్నాను.

"చెయ్యి కొంచెం బరువెక్కినాది బావా" అన్నాను. "వయసు గదా. నువ్వేటి చేస్తావు?"

వాడు తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. అరచేతివైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి. "ఉండొచ్చు" అన్నాడు. నా మాట మీద వాడికంత నమ్మకం. ముప్పై ఏళ్ళుగా శ్రుతి, తాళం అన్నీ నన్నే అడిగేవాడు.

వాడు వెళ్ళాక వాడి సింబల్స్ అన్నీ చెరిపేశాను. దాచి ఉంచడం కాదు, పూర్తిగా చెరిపేశాను. వాటి స్థానంలో కంప్యూటర్ సింబల్స్ పెట్టి, అవీ ముద్దగానే ఉన్నాయని వాటినీ పెంచాను. ఇక్కడైనా అనుమానం రావాలి. రాలేదు. ఈ కంప్యూటర్ మంచిది కాదనుకున్నాను.

ఆంధ్ర సంఘం హాల్లో విడుదల సభ పెట్టాం. శాలువాలు, బొకేలు, సమోసాలు. నా ప్రసంగంలో ఒక్కొక్కరినీ పరిచయం చేస్తూ డ్రమ్మర్ దగ్గరికొచ్చేసరికి నవ్వించాలనిపించింది. "మా బావ చెయ్యి బరువెక్కిపోయింది. వ్యాగన్లకు బ్రేకులు తిప్పీ తిప్పీ, సింబల్స్ మీద కూడా బ్రేకు తిప్పినట్టే కొడుతున్నాడు. అందుకని సగం డ్రమ్స్ కంప్యూటర్ చేత వాయింపజేశాం" అన్నాను. హాలంతా నవ్వింది. డ్రమ్మర్ రెండో వరసలో భార్య పక్కన కూర్చుని ఉన్నాడు. వాడూ నవ్వాడు, చప్పట్లు కొట్టాడు. ఆవిడ కొట్టలేదు.

తర్వాత పాట పెట్టాం. ముందు వరసలో పెద్దాయన ఒకరు కండువా తీసి చెవులకు చుట్టుకున్నారు. ఒక చంటిపిల్ల ఏడుపందుకుంది. సంఘం అధ్యక్షులు లేచి నిలబడి, "బాబూ, ఆపండి, తర్వాత ఇళ్ళకాడ ఇనుకుంటాం" అన్నారు. సమోసాలకు మాత్రం మంచి పేరొచ్చింది.

పాడేవాడి కారులో తిరిగి వస్తున్నాం. సూపేలా బజారు దాటాక వాడు సిగ్నల్ దగ్గర ఆగి, నా వైపు చూడకుండానే అడిగాడు.

"భయ్యా, ఒక మాట. బావగారి సింబల్స్ తీసీసినాం గదా. మరి ఇప్పుడేటి, కంప్యూటర్‌కి కూడా వయసైపోనాదా?"

గ్రీన్ లైటు పడింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. వాడు బండి కదిపాడు.

ఆ వారంలో సూపేలాలోనే ఒక వినికిడి యంత్రాల దుకాణానికి ఒంటరిగా వెళ్ళాను. అక్కడి అమ్మాయి నా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, బటన్ చేతికిచ్చి, నా వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఎదురుగా గోడ. చూడ్డానికి భుజమేదీ లేదు. పాత అలవాటు కొద్దీ లయ పట్టుకుని నొక్కడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆ అమ్మాయి వచ్చి హెడ్‌ఫోన్ పక్కకు జరిపి, ఎంతో మర్యాదగా అంది, "అంకుల్, మైనే అభీ కుఛ్ భేజా హీ నహీ." నేనింకా ఏ శబ్దమూ పంపలేదు అని. మీరు దేనికి నొక్కుతున్నారని కూడా అడిగింది.

ముప్పై ఏళ్ళ నా సంగీత జ్ఞానానికి అదే ఉత్తమ విమర్శ.

పరీక్ష అయ్యాక వివరంగా చెప్పింది. కింది స్వరాలు బాగానే ఉన్నాయి. పై స్వరాలు దాదాపు పోయాయి. పెద్ద చప్పుళ్ళ దగ్గర చెవులు మూసుకోకుండా పనిచేసేవాళ్ళకు ఇలా అవుతుందట. సన్నని శబ్దాలు, ఇత్తడి మోతలు, పిట్టల అరుపులు నాకు సగం కూడా చేరవు. "ఇంటి దగ్గర పిచ్చుకలు వినబడతాయా?" అని అడిగింది. ఇప్పుడు భిలాయిలో పిచ్చుకలెక్కడున్నాయమ్మా, ఎప్పుడో పోయాయన్నాను. దాని మీద నేను ఒకసారి సంఘం మీటింగులో పర్యావరణం గురించి ప్రసంగం కూడా చేశాను.

ఇంటికొచ్చి మా ఆవిణ్ణి అడిగాను. వింతగా చూసింది. "పెరట్లో జామచెట్టు నిండా అవే గదండీ. పొద్దున్నే గోల గోల. మీరు విసుక్కోరేటా అని నానే అనుకుంటాను."

ఇక చరోదా వెళ్ళక తప్పలేదు. వెళ్ళడానికి చాలా రోజులు పట్టింది. అది కూడా రాయాలి. మొదట చెవుల్లో యంత్రాలు పెట్టుకుని, ఆల్బమ్ మళ్ళీ విన్నాను. పూర్తిగా వినలేకపోయాను. మా ఆవిడ పాల గురించి అన్నది అతిశయోక్తి కాదు.

డ్రమ్మర్ క్వార్టర్ వరండాలో అతని భార్య తోటకూర ఒలుస్తోంది. నన్ను చూసి లేవలేదు. ఆవిడ నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. పిలవలేదు.

"చెయ్యి చూడ్డానికొచ్చినారేటి?" అంది. "నరాల డాక్టరుకి చూపించినాం. ఏటీ నేదన్నాడు. ఈయన నమ్మలేదు. మా బావ అన్నాడంటే ఉండే ఉంటాదన్నాడు. చర్చిలో వాయించడం కూడా మానీసినాడు. ఆదివారమైతే వెనక బెంచీలో కూకుంటాడు."

సభలో నేను నవ్వించిన సంగతి నాకు గుర్తుంది. దాని తర్వాత ఒక మనిషి నరాల డాక్టరు దగ్గర చెయ్యి చాపి కూర్చుని ఉంటాడని నేను అనుకోలేదు. ఆల్బమ్ బాగా రాలేదని వాడు అలిగాడనుకుంటూ వచ్చాను. అలగడమైతే ఎంత బాగుండేది.

వాడు లోపలినుంచి వచ్చాడు. నా చెవుల వైపు చూశాడు. "అవేటి?"

చెప్పాను. వ్యాన్, భుజం, లయ, దుకాణంలో అమ్మాయి, పిచ్చుకలు, అన్నీ. మధ్యలో ఎక్కడా వాడు నవ్వలేదు, నేను నవ్వించే ప్రయత్నం చేసినా.

"అయితే నా చేతికేటీ అవనేదా?"

"నీ చేతికేటీ అవనేదు బావా. నాకే చెవుడు."

"సింబల్స్ ఉన్నాయా, నాను వాయించినవి?"

"చెరిపీసినాను."

అతని భార్య తోటకూర గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"ఇక్కడ చెప్తే ఏటి లాభం?" అన్నాడు వాడు. "మైకులో అన్నావు గదా. మైకులోనే చెప్పు. చెప్పిన్నాడు నన్ను రమ్మనకు. నా వల్ల కాదు."

సంఘం వార్షిక సమావేశంలో, కొత్త కార్యవర్గం ఎన్నికకూ భోజనాలకూ మధ్య, నాకు మైకు ఇచ్చారు. చెవిలో యంత్రాలు కొత్తవి కావడంతో వాటి గురించి ఇంకా ఏమీ తెలియదు. మైకును నోటి దగ్గరికి కాకుండా, తడబాటులో చెవి దగ్గరికి తీసుకుపోయాను. యంత్రమూ మైకూ దగ్గరపడి హాల్లో ఒక కూత లేచింది. అందరూ మళ్ళీ చెవులు మూసుకున్నారు. "ఇంకో ఆల్బమ్ తెచ్చినాడ్రోయ్" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఆ గోలలోనే చెప్పాను. డ్రమ్మర్ చెయ్యి బరువెక్కలేదు, వాయించింది సరిగ్గా వాయించాడు, చెవిటివాణ్ణి నేను, నా చెవుడు కప్పుకోవడానికి కాదు, నాకు చెవుడని తెలియక, వాడి పరువు తీశాను. తెలియకపోవడం కూడా నా పనే, ఏటేటా కష్టపడి సాధించుకున్నాను. ఎంతమంది విన్నారో చెప్పలేను. వంకాయ కూర వాసన అప్పటికే హాల్లోకి వచ్చేసింది. మా ఫోర్జింగ్ షాపువాళ్ళు ఇద్దరు మాత్రం తర్వాత నా పక్కకొచ్చి, ఆ అమ్మాయి దుకాణం సూపేలాలో ఎక్కడని మెల్లిగా అడిగారు.

డ్రమ్మర్ నుంచి ఫోన్ రాలేదు. నేనూ చేయలేదు. విడుదల రోజు ఇంటర్నెట్‌లో పెట్టిన ఆల్బమ్‌ను తీసేశాను. ఎవరూ అడగలేదు.

ఒక ఆదివారం ఉండబట్టలేక చరోదా వెళ్ళి, వాళ్ళ చర్చి బయట నిలబడ్డాను. లోపల పాట నడుస్తోంది. కింది డ్రమ్ మోత గోడ దాటి, అరికాళ్ళలోంచి తెలుస్తోంది. వాయిస్తున్నది ఎవరైనా కావచ్చు. వాడి చేతిని పట్టిచ్చేవి సింబల్స్. కొట్టిన వెంటనే రెండు వేళ్ళతో పట్టి ఆపేస్తాడు, భిలాయిలో ఇంకెవరూ అలా చేయరు. యంత్రాల్లోంచి నాకు వినబడుతున్నది మాత్రం కాగితం చింపుతున్న చప్పుడు. అలవాటవడానికి ఇంకా టైం పడుతుందని ఆ అమ్మాయి ముందే చెప్పింది. ఆలస్యంగా వచ్చి మెట్ల దగ్గర చెప్పులు విప్పుతున్న ఒక ముసలావిణ్ణి ఆపి అడిగాను.

"అమ్మా, సింబల్స్ వినబడుతున్నాయా మీకు? పైన ఇత్తడివి? మోగి, టక్కున ఆగిపోతున్నాయా?"

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. తల ఒక పక్కకు వంచి, శ్రద్ధగా విన్నది. "మోగతన్నాయి. ఆగతన్నాయి. మళ్ళీ మోగతన్నాయి. బాగున్నాయి బాబూ. నీకేటి, ఇనపడవా?"

ప్రార్థన అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. వాడు బయటికొచ్చి నన్ను చూశాడు. కర్రలు చంకలో ఉన్నాయి.

"ఏటి బావా, మతం మార్చీసినావా?"

"నేదు. నువ్వు వాయిస్తన్నావో నేదో చూద్దామని."

"ఇనపడినాదా?"

"సరిగ్గా నేదు. ఆ అమ్మ చెప్పినాది, బాగున్నాయని."

వాడు మెట్ల మీద ముసలావిడ వైపు చూశాడు. కర్రలు చంకలోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడన్నాడు:

"ఆల్బమ్ మళ్ళీ చేద్దాం. అన్ని పాటలూ మొదట్నుంచి వాయిస్తాను. నువ్వు గిటారు వాయించి బయటికెల్లిపో. మిక్సింగ్‌కి ఆవిణ్ణి కూకోబెడదాం."